సదాలక్ష్మి ఒక బిట్టు కాదు

తార్నాకలో గది తీసుకొని, ఉస్మానియా లైబ్రరీలో పొద్దుపోయేదాకా చదివే మన పిల్లలకు టి.ఎన్. సదాలక్ష్మి ఒక బిట్టు. 'ఆంధ్రప్రదేశ్ శాసనసభ తొలి మహిళా ఉపసభాపతి ఎవరు?' టిక్కు పెడితే మార్కు వస్తది. మనిషి మాత్రం రాదు.

గోగు శ్యామల 'నేనే బలాన్ని' (హైదరాబాద్ బుక్ ట్రస్ట్, 2011) ఆ బిట్టును మళ్లీ మనిషిని చేసింది. సికింద్రాబాద్ వైపు మెహతర్ కులంలో 1928లో పుట్టిన ఆడమనిషి రాజకీయ బతుకిది. చరిత్ర శాఖలు చేయాల్సిన పని ఒక దళిత రచయిత్రి చేసింది.

నల్లవాళ్ల విషయంలో అమెరికా చదువుల పెద్దలు ఇంకా బాహాటంగా నడుచుకున్నరు. అంతర్యుద్ధం తర్వాత, 1865-77 పునర్నిర్మాణ కాలంలో, నిన్నటి బానిసలు రాష్ట్ర శాసనసభల్లో కూచున్నరు. 1868లో జార్జియా సభ వాళ్లను బయటికి నెట్టింది: ఓటు హక్కుంటే ఉండనీ, పదవి హక్కు లేదన్నది. హెన్రీ మెక్‌నీల్ టర్నర్ ఆ సభలోనే నిలబడి నిలదీసిండు. తర్వాత కొలంబియా విశ్వవిద్యాలయంలో డన్నింగ్, ఆయన శిష్యులు ఆ శాసనసభ్యులను చేతగానోళ్లుగా చిత్రించిండ్రు. దానికి జవాబుగా 1935లో డుబోయిస్ పెద్ద గ్రంథమే రాయాల్సి వచ్చింది. అక్కడ నింద, ఇక్కడ మౌనం. రెండూ క్యాంపస్ చేసిన పనులే అంటున్నం మేం.

మనల్ని సభలోంచి గెంటలేదు. గెంటే అవసరం లేకుండా 1932 పూనా ఒప్పందం చూసుకున్నది: సీటు మనది, గెలిపించే ఓట్లు ఎక్కువగా ఇతరులవి. అందుకే రిజర్వుడు ఎమ్మెల్యే అనంగనే 'పార్టీ మనిషి' అని మనలోనే తేలిగ్గా తీసిపారేస్తం. (మన సభల్లో ఈ మాట ఎన్నిసార్లు వినలేదు!) సదాలక్ష్మి ఆ తీర్పులో ఇమడదు. 1957లోనూ, 1962లో ఎల్లారెడ్డి నుంచీ గెలిచింది కాంగ్రెస్ టికెట్ మీదనే. దేవాదాయ శాఖ మంత్రి అయింది. గుడి గడప దాటనియ్యని కులం ఆడమనిషి ముందుకు గుడి మాన్యాల ఫైళ్లు వచ్చినయి! 1969లో ఇదే క్యాంపస్ తెలంగాణ కోసం లేస్తే తనూ ఉద్యమంలోకి దిగింది. 1994లో మాదిగ దండోరా మొదలయ్యేనాటికి అరవై దాటినయి. అయినా వర్గీకరణ కోసం నిలబడ్డది. ఇది పార్టీ నేర్పే నడక గాదు.

ఆమె 2004లో పోయింది. అదే ఏడు సుప్రీంకోర్టు వర్గీకరణ చట్టాన్ని కొట్టేసింది. మళ్లీ 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం వర్గీకరణ చెల్లుతుందన్నది. ఇప్పుడు ఉపకులాల వాటాల లెక్క అందరూ తీస్తున్నరు. మెహతర్ ఇంటి నుంచి వచ్చిన ఈ శాసనసభ్యురాలు సభలో ఏం మాట్లాడిందో చర్చల సంపుటాలు తెరిచి, 'నేనే బలాన్ని' పక్కన పెట్టి చదివే పిహెచ్‌డి ఒక్కటన్నా రావాలె.