తాళం కన్నా ముందు లైసెన్సు

రాజాం, టెక్కలి, విజయనగరం వైపు ఈసీఈ చివరి ఏడాది పిల్లలు ఎఫ్‌పీజీఏ (మనకు కావలసిన సర్క్యూట్‌గా మలుచుకునే చిప్) బోర్డు మీద డిజైన్ నడిపి చూపించాక తరచూ ఒక మాట అడుగుతారు: "సార్, దీన్ని ఎవరూ కాపీ కొట్టకుండా ఎలా?" ఆ ప్రశ్న నాకు ఇష్టం. చేసింది తమదన్న పట్టుదల అందులో ఉంది.

ఆ భయం ఉత్తది కాదు. జైలింక్స్ కంపెనీ ఆర్టిక్స్-7 లాంటి చిప్‌లో కరెంటు పోతే సర్క్యూటూ పోతుంది. ఆన్ చేసిన ప్రతిసారీ పక్కనున్న ఫ్లాష్ మెమరీ నుంచి డిజైన్ ఫైలు, అంటే బిట్‌స్ట్రీమ్, మళ్లీ లోపలికి దిగాలి. ఎవరైనా ఆ ఫ్లాష్‌ను చదివి అలాంటి బోర్డులోనే ఎక్కిస్తే, మీ నెలల కష్టం వాళ్ల దగ్గరా నడుస్తుంది. అందుకే బిట్‌స్ట్రీమ్‌ను ఏఈఎస్-256తో ఎన్‌క్రిప్ట్ చేసి, కీని చిప్‌లోని ఈఫ్యూజ్‌లోనో, బ్యాటరీతో నిలిచే చిన్న మెమరీలోనో దాస్తారు. అదీ పూర్తి రక్ష కాదు. జైలింక్స్ 7-సిరీస్ చిప్ రహస్యాన్ని ఆ చిప్ చేతే విప్పించవచ్చని 2020లో జర్మనీ పరిశోధకులు చూపించారు. దానికి 'స్టార్‌బ్లీడ్' అని పేరు పెట్టారు. లోపం సిలికాన్‌లోనే ఉంది, అప్‌డేట్‌తో పోయేది కాదు.

మరి చట్టం? 2000 నాటి సెమీకండక్టర్ లేఅవుట్ డిజైన్ చట్టం 10 ఏళ్ల రక్షణ ఇస్తుంది. కానీ ఎఫ్‌పీజీఏలో లేఅవుట్ గీసింది తయారీ కంపెనీ. మనం రాసింది వెరిలాగ్ కోడ్. దానికి అండ కాపీరైట్. అది రాసినప్పటి నుంచే, రిజిస్ట్రేషన్ లేకుండానే వస్తుంది.

అదే కాపీరైట్ ఎదుటివాళ్లకూ ఉంటుంది. అందుకే వైవాలో నేను ముందు అడిగేది ఇది: ఇందులో మీరు రాసిందెంత, తెచ్చుకున్నదెంత? ఫైలు మొదట్లోని లైసెన్సు పేరా తీసేసి తమ పేరు పెట్టుకున్న ప్రాజెక్టులు చూస్తే మనసు చివుక్కుమంటుంది. లైసెన్సు రాయకుండా నెట్‌లో పెట్టిన కోడ్ అందరిదీ అయిపోదు. దాన్ని వాడుకునే అనుమతి మనకు లేదనే లెక్క. ఐఐటీ మద్రాస్ 'శక్తి' ప్రాసెసర్‌ను బీఎస్‌డీ లైసెన్సు మీద ఇచ్చింది. వాళ్ల కాపీరైట్ నోటీసు, లైసెన్సు పేరా ఉంచితే అమ్మే సరుకులోనూ పెట్టుకోవచ్చు. జైలింక్స్ ఇచ్చే మైక్రోబ్లేజ్ ప్రాసెసర్ అలా కాదు, ఆ కంపెనీ చిప్‌ల మీదే నడపాలి. రేపు చవకగా దొరికే ఇంకో కంపెనీ చిప్‌కు మారాలంటే ప్రాసెసరే మార్చుకోవాలి.

తెచ్చుకునేటప్పుడే కాదు, ఇచ్చేటప్పుడూ లైసెన్సే ముందు. పలాసలో జీడిపప్పు గ్రేడ్ చేసే యంత్రానికి కెమెరా లాజిక్ రాసి అమ్మాలని మన పిల్లలు బయల్దేరారనుకుందాం. ఫ్యాక్టరీ యజమానితో మాట్లాడేటప్పుడే తేల్చుకోవాలి: ఇచ్చేది బిట్‌స్ట్రీమ్ ఒక్కటేనా, వెరిలాగ్ కూడానా? ఎన్ని యంత్రాలకు? రేపు మార్పులు చేసే హక్కు ఎవరిది? యంత్రానికింత అని ధర కుదిరితే, చిప్‌లోని డీఎన్‌ఏ అనే గుర్తింపు నంబరు సరిచూసుకున్నాకే డిజైన్ పనిచేసేలా రాయొచ్చు. ఆ సంగతి ఒప్పందంలో ముందే ఉండాలి.