కాయిల్ పోయిందా, ప్లగ్ పోయిందా?

"బండి మిస్సింగ్ కొడుతోంది" అంటే, అంబాసిడర్ల మీద చేయి తిరిగిన మెకానిక్ ముందు బానెట్ ఎత్తడు. వెనక్కి వెళ్లి సైలెన్సర్ చప్పుడు వింటాడు. దెబ్బ తప్పుతున్నది ఒక సిలిండర్‌లోనా, అన్నిట్లోనా అన్నది అక్కడే తేల్చుకుంటాడు. ఆ బండికి కాయిల్ ఒక్కటే. అది పోతే నాలుగు సిలిండర్లూ పడుకుంటాయి. ఒకటే తప్పుతోందంటే ముందు ప్లగ్‌నో, వైరునో అనుమానించాలి. సగం పరీక్ష చెవితోనే అయిపోయేది.

కాయిల్ చేసే పని బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులను 20 వేల వోల్టుల పైకి లేపడం. లోపల లావు తీగ వందల చుట్లు, సన్న తీగ వేల చుట్లు ఉంటాయి. లావు తీగలో పారే కరెంటును తటాలున తెంపితే సన్న తీగలో ఆ వోల్టేజీ పుడుతుంది. పాయింట్లతో (తెరుచుకుని మూసుకునే కాంటాక్టులతో) అలా తెంపే ఏర్పాటును 1910 ప్రాంతంలో అమెరికాలో చార్లెస్ కెటరింగ్ కుదిర్చాడు. మన అంబాసిడర్ల దాకా నడిచింది అదే.

పాత షెడ్లలో పరీక్ష అంటే ప్లగ్ విప్పి, వైరుకు తగిలించి, ఇంజిన్ బాడీకి ఆనించి సెల్ఫ్ కొట్టించడం. నిప్పురవ్వ నీలంగా, టప్పుమని వస్తే కాయిల్ మంచిది. ఎర్రగా, పల్చగా వస్తే నీరసించింది. చూడ్డానికి ముచ్చటే గానీ ఇందులో ఒక మోసం ఉంది. బయటి గాలిలో నిప్పురవ్వ సులువుగా దూకుతుంది. సిలిండర్‌లో గాలి నొక్కుకుని ఉంటుంది కాబట్టి అక్కడ దూకాలంటే ఎక్కువ వోల్టేజీ కావాలి. బయట బాగున్న కాయిల్ లోపల చేతులెత్తేయడానికి కారణం ఇదే. పైగా ఇప్పటి కార్లలో ఈ పని చేస్తే షాకు మాట అటుంచి, కాయిల్, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) రెండూ పోవచ్చు. పెట్రోలు ఆవిరి దగ్గర నిప్పురవ్వ మరీ ప్రమాదం. ఈ అలవాటు మానేయాల్సిందే.

మల్టీమీటరు మేలు, కానీ అది చెప్పిందే వేదం కాదు. పాతరకం కాయిల్‌లో లావు చుట్టు సుమారు 3 ఓమ్‌లు (బలాస్ట్ రెసిస్టర్ ఉన్న బండిలో 1.5), సన్న చుట్టు 6 వేల నుంచి 15 వేల ఓమ్‌లు చూపిస్తుంది. ప్రతి ప్లగ్ మీదా ఒక కాయిల్ కూర్చునే కొత్త కార్లలో లావు చుట్టు చాలావాటికి 1 ఓమ్ అటూ ఇటూ ఉంటుంది. కాబట్టి మీటరు వైర్లు రెండూ ముందుగా ఒకదానికొకటి తాకించి, వాటి సొంత రీడింగు తీసేయాలి. కరెంటు తెంపే ఇగ్నైటర్ లోపలే ఉండే మూడు, నాలుగు పిన్నుల కాయిళ్లలోనైతే మీటరు పెద్దగా ఏమీ చెప్పలేదు. ఇంకో తిరకాసు: చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా చూపించిన కాయిలే వేడెక్కాక లోపలి తీగ విడిపోయి తప్పుతుంది.

నా లెక్కలో ఈ కొత్త కార్లకు ఇంట్లో చేసుకోదగ్గ అసలు పరీక్ష కాయిళ్లను అటుదిటు మార్చడమే. ఇంజిన్ చల్లారాక, ఇగ్నిషన్ ఆపి, కనెక్టర్ లాకు నొక్కి తీసి, బోల్టు విప్పండి. కాయిల్‌ను మెల్లగా మెలితిప్పుతూ పైకి లాగండి. కింద రబ్బరు బూటు ప్లగ్‌కు అతుక్కుని ఉంటుంది, తొందరపడితే చిరుగుతుంది. బూటు మీద వెంట్రుకంత నల్లగీత కనిపిస్తే కరెంటు దారి తప్పి బాడీలోకి పోతోందన్నమాట. ప్లగ్ గుంతలో ఆయిల్ ఉంటే గాస్కెట్ సంగతి ముందు చూడాలి. స్కానర్‌లో పి0301 కోడ్ వచ్చిందనుకోండి, తప్పుతున్నది ఒకటో సిలిండర్. దాని కాయిల్ రెండోదానికి, రెండోది దీనికి పెట్టి, కోడ్ చెరిపి, కాసేపు నడపండి. ఇప్పుడు పి0302 వస్తే దొంగ కాయిలే. పి0301 అక్కడే ఉంటే ప్లగ్, ఇంజెక్టర్, కంప్రెషన్ వరసగా చూసుకోవాలి.

చెక్ ఇంజిన్ లైటు ఆగి ఆగి వెలుగుతుంటే మాత్రం బండి నడపకండి. మండని పెట్రోలు పొగగొట్టంలోకి పోయి క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కరిగిస్తుంది. దాని ఖరీదు ముందు కాయిల్ ఖరీదు ఏపాటి? గ్యారేజీలో నాలుగు కాయిళ్లూ మార్చాలని అంటే, ముందు ఒకదాన్ని అటుదిటు మార్చి చూపించమని అడగండి.