పక్కన మరొకరు కావలసిన పాటలు: ఎవర్లీ సోదరుల జంటగానం

తొలినాటి రాక్ అండ్ రోల్‌లో పేరు మోసినవాళ్లలో ఎక్కువమంది ఒంటరి గాయకులు. ఎల్విస్ ప్రెస్లీ, లిటిల్ రిచర్డ్, చక్ బెర్రీ, బడీ హాలీ, ఎవరిని తీసుకున్నా ముందు నిలిచేది ఒక్క గొంతే. డాన్ ఎవర్లీ, ఫిల్ ఎవర్లీ అనే అన్నదమ్ములు 1957లో వచ్చి ఆ తీరు మార్చారు. ఇద్దరూ రెండు వేరు వేరు స్వరాల మీద, ఒకే మాటను ఒకే క్షణంలో పలుకుతూ పాడారు. అందుకే వాళ్ల అభిమానుల జ్ఞాపకాలు కూడా వేరుగా ఉంటాయి. ఎల్విస్‌ను ఇష్టపడిన కుర్రవాడు అద్దం ముందు నిలబడి ఒక్కడే పాడుకోగలిగాడు. ఎవర్లీల పాట పట్టుబడాలంటే పక్కన అన్నో, తమ్ముడో, స్నేహితుడో ఉండాలి. ఆ పాటలతో పెరిగినవాళ్ల కథల్లో ఇద్దరు కనిపించడానికి కారణం ఇదే.

ఈ పద్ధతిని ఎవర్లీలు కనిపెట్టలేదు. అమెరికా దక్షిణాది కొండప్రాంతాల్లో అన్నదమ్ములు జంటగా పాడే సంప్రదాయం వాళ్లకు ముందే స్థిరపడింది. 1930లలో రేడియో, గ్రామఫోన్ రికార్డులు దాన్ని ఊరూరికీ చేర్చాయి. అలబామా నుంచి డెల్మోర్ బ్రదర్స్, కెంటకీ నుంచి మన్రో బ్రదర్స్, నార్త్ కరోలినా నుంచి బ్లూ స్కై బాయ్స్ ఆ తరంలో ముఖ్యులు. తర్వాతి తరంలో లూవిన్ బ్రదర్స్ ఆ కళను చాలా ఎత్తుకు తీసుకెళ్లారు. పాట మధ్యలో పై స్వరం పాడేవాడు కిందికి, కిందివాడు పైకి మారిపోయినా వినేవాళ్లకు అతుకు కనిపించేది కాదు. మైక్రోఫోన్ రావడంతో గొంతెత్తి అరవవలసిన పని తప్పింది. మెల్లగా, దగ్గరగా, దాదాపు మాట్లాడుతున్నట్టు పాడినా ఇంటింటా వినిపించింది. జంటగానంలోని సున్నితమైన పొందికకు ఆ వెసులుబాటే ప్రాణం పోసింది.

డాన్ 1937లో కెంటకీ రాష్ట్రం మ్యూలెన్‌బర్గ్ కౌంటీలో, బ్రౌనీ అనే బొగ్గుగనుల పల్లెలో పుట్టాడు. ఫిల్ 1939లో షికాగోలో పుట్టాడు. తండ్రి ఐక్ ఎవర్లీ గనుల్లో పనిచేసినవాడు, గొప్ప గిటార్ వాద్యకారుడు. బొటనవేలితో మంద్ర తీగలను లయగా మీటుతూ మిగతా వేళ్లతో పాట వాయించే కెంటకీ పద్ధతికి అక్కడి పెద్దల్లో ఆయన ఒకరు. ఆ పద్ధతే మెర్ల్ ట్రావిస్ ద్వారా అమెరికా అంతటా పాకింది. 1940ల మధ్యలో కుటుంబం ఐయోవా రాష్ట్రంలోని షెనండోవా అనే చిన్న ఊరికి చేరింది. అక్కడి రేడియో స్టేషన్లో తల్లిదండ్రులు, ఇద్దరు పిల్లలు కలిసి పాడేవారు. పిల్లలు పొద్దున్నే లేచి పాడి, తర్వాత బడికి వెళ్లేవారు. ఈ చాకిరీయే వాళ్ల అసలు గురుకులం. పదేళ్లు నిండక ముందే ఒకే మైకు ముందు నిలబడి, ఎదుటివాడి ఊపిరిని బట్టి తన ఊపిరి సర్దుకోవడం అలవాటైంది.

వాళ్ల గానంలో అసలు విద్య ఎక్కడ ఉందో తెలియాలంటే స్వరాల లెక్క కొంత చూడాలి. కర్ణాటక సంగీతంలో ఇద్దరు కలిసి పాడితే ఒకే స్వరం పాడతారు, లేకపోతే ఒకరు పై స్థాయిలో, ఒకరు కింది స్థాయిలో అదే స్వరం పట్టుకుంటారు. హార్మనీలో ఇద్దరూ ఒకే వేళ వేరు వేరు స్వరాల మీద ఉంటారు. మన శంకరాభరణం స్వరాలనే తీసుకుంటే, డాన్ షడ్జం మీద ఉన్నప్పుడు ఫిల్ గాంధారం మీద ఉంటాడు. డాన్ రిషభానికి వెళితే ఫిల్ మధ్యమానికి, డాన్ గాంధారానికి వస్తే ఫిల్ పంచమానికి జరుగుతాడు. చూడటానికి ఇద్దరి మధ్య దూరం మారనట్టే ఉంటుంది, కాని అది ఎప్పుడూ సమానం కాదు. షడ్జం, మధ్యమం, పంచమాల మీద ఆ ఎడం నాలుగు అర్ధస్వరాలు. రిషభం, గాంధారం, ధైవతం, నిషాదాల మీద మూడే. పెద్ద ఎడం వెలుగుగా, చిన్న ఎడం కొంచెం దిగులుగా వినిపిస్తుంది. పాట కదిలేకొద్దీ ఆ రెండూ మారుతూ ఉంటాయి. సంతోషంగా సాగే ఎవర్లీ పాటలో కూడా ఏదో జాలి దాగి ఉందని శ్రోతలకు తోచడానికి ఒక కారణం ఈ మార్పే.

నియమాన్ని గుడ్డిగా పాటిస్తే పాట పాడవుతుంది. గిటార్ మీద షడ్జ, గాంధార, పంచమాల కలయిక మోగుతున్నప్పుడు డాన్ పంచమం మీదికి వచ్చాడనుకుందాం. లెక్క ప్రకారం ఫిల్ నిషాదం పట్టాలి, కాని నిషాదం ఆ కలయికలో ఇమడదు. అక్కడ పై గొంతు ఇంకొక అర్ధస్వరం దాటి తారషడ్జం అందుకుంటుంది. ఇలాంటి చోట్లు పాటలో ఎన్నో వస్తాయి. ప్రతి చోటా పై గొంతు చిన్న నిర్ణయం తీసుకోవాలి, అయినా అది తడబడినట్టు వినిపించకూడదు. ఫిల్ పాడిన వరుసను విడిగా పాడుకుంటే అది కూడా ఒక చక్కని బాణీలాగే ఉంటుంది. తోడుగొంతు అనే మాట ఆయనకు సరిపోదు.

శ్రుతి సంగతి ఇంకా సూక్ష్మమైనది. తంబురాలో మంద్ర షడ్జం తీగ నిలకడగా మోగుతుంటే చెవి పెట్టి వినేవారికి అందులోంచి అంతర గాంధారం దానంతట అదే పలుకుతుంది. ప్రకృతి ఇచ్చిన ఆ గాంధారం, షడ్జంతో 5:4 నిష్పత్తిలో ఉంటుంది. పియానో మీది గాంధారం దానికంటే కొద్దిగా, అర్ధస్వరంలో దాదాపు ఏడో వంతు, ఎక్కువ. పియానో మెట్టును గాయకుడు కదపలేడు. గొంతుకు మెట్లు లేవు కాబట్టి ఇద్దరు మంచి గాయకులు ఆ సహజమైన చోటుకు జరిగి అక్కడ నిలవగలరు. నిలిస్తే రెండు గొంతుల మధ్య కొట్టుకునే అలలు అణగిపోయి, మూడో గొంతేదో మోగుతున్నట్టు అనిపిస్తుంది. అందుకోసం స్వరం వణకకూడదు. ఎవర్లీలు గొంతును పెద్దగా ఊపకుండా, తిన్నగా పాడేవారు. ఒకే ఇంట్లో పెరిగిన ఇద్దరి నోట అచ్చులు ఒకేలా తెరుచుకోవడం, హల్లులు ఒకే చోట మూసుకోవడం ఈ పొందికకు మిగతా సగం. దీన్ని అమెరికన్లు రక్తసంబంధపు హార్మనీ అంటారు. స్టూడియోలో కూడా ఇద్దరూ ఒకే మైకు ముందు నిలబడితే, ఎవరి గొంతు ఎంత వినిపించాలో తర్వాత సరిదిద్దే వీలుండదు. ఆ తూకం పాడేటప్పుడే కుదరాలి.

పాత జంటగానాన్ని ఇంత బాగా పాడేవాళ్లు మరికొందరు ఉన్నారు. ఎవర్లీలు దానికి చేర్చింది లయ. రాక్ అండ్ రోల్ గిటార్ వాద్యకారుడు బో డిడ్లీ వాయింపు అంటే డాన్‌కు ప్రాణం. తీగలను మామూలుగా కాకుండా ఓపెన్ జి శ్రుతిలో పెట్టి, ఉక్కు తీగల గిటార్‌ను డోలు కొట్టినట్టు కొట్టేవాడు. 1957లో వచ్చిన ‘బై బై లవ్’ మొదట్లో దడదడలాడే గిటార్, తాను రాసుకున్న మరో పాట నుంచి డాన్ తెచ్చి పెట్టినదే. ‘బై బై లవ్’ రాసినవారు బూడ్లో బ్రయంట్, ఫెలీస్ బ్రయంట్ అనే దంపతులు. అంతకు ముందు ఎందరో గాయకులు దాన్ని వద్దన్నారు. కేడెన్స్ కంపెనీ విడుదల చేసిన ఎవర్లీల రికార్డు పాప్ పట్టికలో 2వ స్థానానికి, కంట్రీ పట్టికలో 1వ స్థానానికి వెళ్లింది. అదే ఏడాది ‘వేకప్ లిటిల్ సూజీ’, 1958లో ‘ఆల్ ఐ హావ్ టు డూ ఈజ్ డ్రీమ్’ వచ్చాయి. ఈ రెండోది పాప్, కంట్రీ, రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలు మూడింటిలోనూ మొదటి స్థానంలో నిలిచింది. తెల్లవారి సంగీతం, నల్లవారి సంగీతం అని దుకాణాల్లో అరలు వేరు చేసిన రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

విద్యను విడిగా వినాలనుకునేవారికి మాత్రం ఈ హిట్ల కంటే 1958 చివర్లో వచ్చిన ‘సాంగ్స్ అవర్ డాడీ టాట్ అస్’ ఆల్బమే మేలు. తండ్రి దగ్గర నేర్చుకున్న పాత పాటలు, ఒక గిటార్, ఒక బేస్, రెండు గొంతులు, అంతే. అందులోని ‘బార్బరా అలెన్’ 1666లో ఆంగ్లేయుడు శామ్యూల్ పీప్స్ రాసుకున్న డైరీలో ప్రస్తావనకు వచ్చినంత పాత కథాగేయం. రాక్ అండ్ రోల్ తారలుగా వెలుగుతున్న ఇరవై ఏళ్ల కుర్రాళ్లు, కంపెనీలు కొత్త హిట్ కోసం తొందరపెట్టే వేళ, ఇంతటి నిరాడంబరమైన రికార్డు చేయడం సాహసం. వాళ్ల మొత్తం కృషిలో ఎక్కువ కాలం నిలిచే పని ఇదే అనుకోవడానికి బలమైన ఆధారాలున్నాయి.

1960లో వార్నర్ బ్రదర్స్ రికార్డు కంపెనీకి మారాక వచ్చిన ‘క్యాథీస్ క్లౌన్’ అమెరికాలో 5 వారాలు, బ్రిటన్‌లో 7 వారాలు మొదటి స్థానంలో ఉంది. అందులో చరణాలు డాన్ ఒక్కడే పాడతాడు, పల్లవిలో ఫిల్ కలుస్తాడు. ఆ పల్లవిలో పై గొంతు ఒకే ఎత్తున నిలిచి ఉంటే, కింది గొంతు దాన్ని వదిలి మెట్లు దిగుతుంది. సమాంతరంగా నడిచే రెండు గొంతులు విడిపోయే ఆ క్షణమే పాటకు ఆయువుపట్టు.

ఆ పట్టును బ్రిటన్‌లో ఇద్దరు కుర్రాళ్లు వెంటనే గుర్తించారు. పాల్ మెకార్ట్నీ 1957 వేసవిలో ఫైలీలోని బట్లిన్స్ విడిదిలో జరిగిన పోటీలో తమ్ముడు మైక్‌తో కలిసి ‘బై బై లవ్’ పాడినవాడు. తర్వాత జాన్ లెనన్‌తో జతకట్టి, తాను ఫిల్ అని, జాన్ డాన్ అని ఊహించుకుంటూ సాధన చేశాడు. 1963 నాటి బీటిల్స్ పాట ‘ప్లీజ్ ప్లీజ్ మీ’లో పాల్ పై స్వరం మీద నిలిచి ఉండగా జాన్ కిందికి దిగుతాడు. ‘క్యాథీస్ క్లౌన్’ తెలిసినవాళ్లకు ఆ దారి ఎక్కడిదో వేరే చెప్పనక్కర్లేదు. 1976లో పాల్ తన ‘లెట్ ఎమ్ ఇన్’ పాటలో ఫిల్, డాన్ పేర్లు కలిపాడు.

ఇంగ్లండ్‌లోని సాల్ఫర్డ్‌లో గ్రాహమ్ నాష్, అలన్ క్లార్క్ అనే ఇద్దరు బడి స్నేహితులు ఒక బడి డ్యాన్స్‌లో హాలు దాటి నడుస్తుండగా ‘బై బై లవ్’ మోగింది, ఇద్దరూ నడక ఆపేసి నిలబడిపోయారు. నాష్ జీవితమంతా చెప్పుకున్న జ్ఞాపకం ఇది. 1960లో ఎవర్లీలు మాంచెస్టర్ వచ్చినప్పుడు ఆ ఇద్దరే హోటల్ మెట్ల దగ్గర అర్ధరాత్రి దాటేవరకు కాచుకున్నారు. అన్నదమ్ములు వచ్చి ఆగి, వాళ్లతో తీరిగ్గా మాట్లాడారు. ఆ కుర్రాళ్లు తర్వాత హాలీస్ బృందాన్ని స్థాపించారు. 1966లో ఎవర్లీలు లండన్‌లో చేసిన ‘టూ యాంక్స్ ఇన్ ఇంగ్లండ్’ ఆల్బమ్‌లో ఎక్కువ పాటలు ఆ హాలీస్ రాసినవే. అభిమాని రాసిన పాటను అతని అభిమాన గాయకుడే పాడటం ఎక్కడైనా అరుదు.

న్యూయార్క్‌లో పాల్ సైమన్, ఆర్ట్ గార్‌ఫంకెల్ కథ కూడా జంటదే. ఎవర్లీల ‘హే డాల్ బేబీ’ మాటలు గుర్తుకు తెచ్చుకోబోయి, కుదరక సొంతంగా ‘హే స్కూల్‌గర్ల్’ అల్లుకున్నారు. 1957లో టామ్ అండ్ జెర్రీ పేరుతో వచ్చిన ఆ రికార్డే వాళ్ల తొలి మెట్టు. 2003లో వాళ్లిద్దరూ మళ్లీ కలిసి దేశం తిరిగినప్పుడు ఎవర్లీలను వెంట తీసుకెళ్లి, కచేరీ మధ్యలో వేదిక మీదికి పిలిచి, నలుగురూ కలిసి ‘బై బై లవ్’ పాడారు.

అన్నదమ్ముల మధ్య మాత్రం వాళ్ల గొంతుల్లో ఉన్నంత పొందిక లేదు. 1961 నుంచి ప్రచురణ సంస్థతో తగాదా వల్ల బ్రయంట్ దంపతుల పాటలు అందకుండా పోయాయి. సైన్యంలో పనిచేసిన నెలలు, మత్తుమందులు, మారిన శ్రోతల అభిరుచి కలిసి వాళ్లను వెనక్కి నెట్టాయి. 1973 జులై 14న కాలిఫోర్నియాలో కచేరీ మధ్యలో ఫిల్ గిటార్ పగలగొట్టి వెళ్లిపోయాడు, మిగతాది డాన్ ఒక్కడే పూర్తి చేశాడు. తర్వాత పదేళ్లు ఎవరి దారి వారిది. ఇద్దరూ సొంత రికార్డులు చేశారు, వాటిలో మంచి పాటలున్నాయి, కాని శ్రోతల చెవి అక్కడ లేని రెండో గొంతును వెతుక్కుంది. 1983 సెప్టెంబర్‌లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో రెండు రాత్రులు మళ్లీ కలిసి పాడారు. ఆ రికార్డింగు వింటే ఎడబాటు గొంతుల్లోకి చేరలేదని తెలుస్తుంది. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ 1986లో ఎన్నుకున్న మొదటి బృందంలో వాళ్లున్నారు.

ఫిల్ 2014 జనవరిలో, డాన్ 2021 ఆగస్టులో మరణించారు. షెనండోవాలో వాళ్ల చిన్ననాటి ఇంటిని బాగుచేసి సందర్శకుల కోసం ఉంచారు. 2013లో నోరా జోన్స్, బిల్లీ జో ఆర్మ్‌స్ట్రాంగ్ ‘ఫరెవర్లీ’ పేరుతో ‘సాంగ్స్ అవర్ డాడీ టాట్ అస్’ ఆల్బమ్‌ను మొత్తం తిరిగి పాడారు. ఒకరు జాజ్ వైపు నుంచి, మరొకరు పంక్ వైపు నుంచి వచ్చినవాళ్లు, ఒక స్త్రీ, ఒక పురుషుడు, బంధుత్వమేమీ లేదు. లెనన్-మెకార్ట్నీల్లాగే, సైమన్-గార్‌ఫంకెల్‌లాగే వాళ్లు కూడా ఈ హార్మనీని రక్తంతో కాక చెవితో నేర్చుకున్నారు.