చెంచాడు మొలక పిండి

విజయనగరం వైపు రాగుల్ని చోళ్ళంటాం, తెలంగాణలో తైదలు. మా పెద్దమ్మ చోళ్ళ మూట విప్పే పొద్దున పక్కన కూర్చుని చూడాలి. రాత్రంతా నానిన గింజల్ని నీళ్ళు వార్చి, తడిగుడ్డలో వదులుగా కట్టి, ఎండ తగలని మూల పెడుతుంది. మర్నాటికి తెల్లటి మొలకలు గుడ్డ నేతలోంచి పొడుచుకొస్తాయి. కళ్ళకన్నా ముందు ఆవిడ ముక్కు పనిచేస్తుంది. పచ్చితీపి వాసనైతే సరే, పులుపు తగిలిందా, మూటంతా పారబోయడమే.

నీడన గలగలమనేదాకా ఆరబెట్టి, చేటలో నలిపి మొలకలు చెరిగేసి, సన్నసెగ మీద వెచ్చచేసి విసురుతుంది. ఎర్రగా వేయిస్తే కమ్మగా ఉంటుంది కదా అంటే, "సత్తువ సచ్చిపోతాది" అంటుంది. ఆ సత్తువకు శాస్త్రం పెట్టిన పేరు అమైలేజ్.

ఎనిమిది కిలోల బిడ్డ పొట్టలో ఒక పూటకు పట్టేది పావు లీటరు. జావ పల్చగా కాస్తే అందులో నీళ్ళే ఎక్కువ, చిక్కగా కాస్తే గొంతు దిగదు. 100 గ్రాముల చోళ్ళలో 340 మిల్లీగ్రాముల పైచిలుకు కాల్షియం ఉందని ఎంత చెప్పుకున్నా, అది గిన్నెలోనే మిగిలిపోతే ఏం లాభం? మొలక పిండితో ఈ చిక్కు విప్పవచ్చని 1980లలో బరోడాలో తారా గోపాలదాస్ బృందం కొలిచి చూపింది. పిండిపదార్థపు పొడవాటి గొలుసుల్ని అమైలేజ్ తెంపేస్తుంది; జావ పల్చబడుతుంది, బలం మాత్రం అంతే ఉంటుంది.

మొలకెత్తితే ఇనుమును ఒంటికి పట్టనివ్వని ఫైటేట్ కూడా కొంత తగ్గుతుంది. అంతమాత్రాన రక్తహీనతకు జావే మందంటే నేనొప్పుకోను. డాక్టరు రాసిన ఐరన్ మందు మానకూడదు; మరీ చిక్కిపోయిన బిడ్డను ఆసుపత్రికే తీసుకెళ్ళాలి.

ఇక అసలు పనితనం. గరిటె నిలబడేంత చిక్కగా ఉడికిన జావను దించి, సలసల తగ్గేదాకా ఆగుతుంది. మరీ వేడి మీద వేస్తే సత్తువ పోతుంది, చల్లారిపోతే పని జరగదు. చెంచాడు మొలక పిండి చల్లి, ఒకే వైపు తిప్పుతుంది. కాసేపటికి ముద్ద వదులవుతుంది, గరిటె ఎత్తితే సన్నటి ధారగా జారుతుంది. పచ్చిపిండి పడింది కాబట్టి మళ్ళీ పొయ్యెక్కించి ఒక్క పొంగు రానిస్తుంది. ఆ తరవాతే బెల్లం, గిన్నె, మనవడు.