'-డం', '-డానికి': జెరండ్, ఇన్ఫినిటివ్ బోధనపై ఒక విమర్శ

పరిచయం

కొన్నేళ్ల క్రితం బుక్కపట్నానికి చెందిన ఒక విద్యార్థిని తన ఉద్యోగ దరఖాస్తు తెచ్చి నాకు చూపించింది. చివరి వాక్యం 'ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యు' అని ఉంది. 'మీట్' కొట్టేసి 'మీటింగ్' అని రాశాను. "టు తర్వాత మూల క్రియే రావాలని చదువుకున్నాం కదా సార్!" అంది. ఆ అమ్మాయి నేర్చుకున్న సూత్రాన్ని శ్రద్ధగానే పాటించింది. అయినా తప్పు జరిగింది. అందువల్ల సూత్రాన్నే పరీక్షించవలసి ఉంది.

'స్విమ్మింగ్' జెరండ్ అనీ, 'టు స్విమ్' ఇన్ఫినిటివ్ అనీ మీరు సులభంగానే గుర్తుపడతారు. ఎక్కడ ఏది వాడాలన్నదే సమస్య. దీన్ని మన తరగతుల్లో సాధారణంగా రెండు పద్ధతుల్లో బోధిస్తారు. మొదటిది వ్యాకరణ గ్రంథంలోని నిర్వచనం, క్రియల పట్టిక. రెండోది అనువాద సూత్రం: తెలుగులో '-డం' ఉంటే జెరండ్, '-డానికి' ఉంటే ఇన్ఫినిటివ్. బుక్కపట్నంలో ఉపాధ్యాయ శిక్షణ సంస్థ, అంటే డైట్, ఉంది. అక్కడ శిక్షణ పొందినవారు ఏ సూత్రం నేర్చుకుంటే రేపు బడిపిల్లలకు అదే చేరుతుంది. కనుక ఈ రెండు పద్ధతుల బలాబలాలను పరిశీలిద్దాం.

1. రెన్, మార్టిన్ వ్యాకరణం

మన దేశంలో తరతరాలుగా చదువుతున్న పుస్తకం రెన్, మార్టిన్‌ల 'హైస్కూల్ ఇంగ్లీష్ గ్రామర్ అండ్ కాంపోజిషన్'. వీరిలో పి.సి. రెన్ బొంబాయి ప్రెసిడెన్సీ విద్యాశాఖలో పనిచేశాడు. 1924లో వెలువడిన 'బో జెస్ట్' నవలతో పేరు పొందాడు. ఈ వ్యాకరణం తరవాతి కాలంలో ఎన్.డి.వి. ప్రసాదరావు సవరణలతో అచ్చవుతూ వచ్చింది.

జెరండ్‌కు నామవాచక లక్షణం, క్రియా లక్షణం రెండూ ఉంటాయన్న ఈ పుస్తకపు నిర్వచనం స్పష్టమైనది. ప్రిపొజిషన్ తర్వాత జెరండ్ వస్తుందన్న సంగతి కూడా అందులో ఉంది. పైన చెప్పిన దరఖాస్తులో జరిగిన పొరపాటుకు కారణం ఇక్కడే దొరుకుతుంది. 'లుక్ ఫార్వర్డ్ టు'లోని 'టు' ఇన్ఫినిటివ్ గుర్తు కాదు, ప్రిపొజిషన్. మీకు సందేహం కలిగినప్పుడు 'టు' తర్వాత ఒక నామవాచకం పెట్టి చూడండి. 'ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు ది ఫెస్టివల్' అనవచ్చు. కాబట్టి అక్కడ క్రియ వస్తే '-ఇంగ్' రూపమే రావాలి. 'ఐ వాంట్ టు ది ఫెస్టివల్' అనలేం. కాబట్టి అక్కడ 'టు గో' వంటి ఇన్ఫినిటివ్ రావాలి.

అయితే చాలా వాక్యాల్లో జెరండ్ వాడినా ఇన్ఫినిటివ్ వాడినా అర్థంలో ప్రత్యేక భేదం ఉండదని ఆ గ్రంథం చెబుతుంది. వాక్యం కర్తతో మొదలయ్యే చోట ఇది చాలావరకు నిజమే. కానీ విద్యార్థి 'చాలా' అన్న మాటను 'అన్ని' అని చదువుకుంటాడు. 'స్టాప్', 'ఫర్గెట్', 'రిమెంబర్' వంటి క్రియల దగ్గర రూపం మారితే అర్థమే మారిపోతుంది.

2. అనువాద సూత్రం

తెలుగు సాయంతో ఇంగ్లీషు నేర్పడాన్ని నేను తప్పుపట్టను. 'స్టాప్' విషయంలో తెలుగు చక్కగా దారి చూపుతుంది. అనంతపురం వైపు మాటల్లోనే చూడండి. "టీ తాగేది నిలిపేసినాడు" అంటే 'హి స్టాప్డ్ డ్రింకింగ్ టీ'. "టీ తాగేకి నిలిచినాడు" అంటే 'హి స్టాప్డ్ టు డ్రింక్ టీ'. పాఠ్యపుస్తకం '-డం', '-డానికి' అన్నచోట మీ ఇంట్లో '-ఏది', '-ఏకి' అంటారు. భేదం మాత్రం అదే.

ఇదే సూత్రాన్ని 'ఫర్గెట్'కు వర్తింపజేస్తే దెబ్బతింటాం. "బీగం వేసేది మర్చిపోయినా" అన్న వాక్యాన్ని 'ఐ ఫర్గాట్ లాకింగ్ ది డోర్' అని రాస్తే, బీగం వేశాను గాని ఆ సంగతి మరచిపోయాను అన్న అర్థం వస్తుంది. మనం చెప్పదలచింది బీగం వేయలేదని. దానికి 'ఐ ఫర్గాట్ టు లాక్ ది డోర్' అనాలి. తెలుగులో '-డం' ఉన్నా ఇంగ్లీషులో ఇన్ఫినిటివ్ వచ్చింది. మరి 'ఐ రిమెంబర్ లాకింగ్ ది డోర్' అన్నదానికి తెలుగు ఏమిటి? "బీగం వేసినట్టు గుర్తుంది." ఇక్కడి జెరండ్‌కు సరిపోయిన తెలుగు రూపం 'వేసినట్టు', 'వేయడం' కాదు.

'వాంట్' చూడండి. "చెరువు చూడాలని ఉంది" అన్నచోట '-డం' లేదు, '-డానికి' లేదు. ఇంగ్లీషులో మాత్రం 'ఐ వాంట్ టు సీ ది ట్యాంక్' అని ఇన్ఫినిటివ్ తప్పదు. కనుక ప్రత్యయానికి ప్రత్యయం జతచేసే పద్ధతి కొన్నిచోట్ల పనిచేసి, మరికొన్నిచోట్ల మోసం చేస్తుంది. ఎక్కడ మోసం చేస్తుందో అది ముందుగా చెప్పదు.

3. అర్థాన్ని బట్టి చూడడం

1968లో అమెరికా భాషావేత్త డ్వైట్ బోలింజర్ ఈ భేదాన్ని అర్థపరంగా వివరించాడు. ఇన్ఫినిటివ్ ఊహలో ఉన్న, జరగవలసిన పనివైపు మొగ్గుతుందనీ, '-ఇంగ్' రూపం పనిని ఉన్న విషయంగా, వాస్తవంగా చూపుతుందనీ ఆయన పరిశీలన సారాంశం. పై ఉదాహరణలకు ఇది సరిపోతుంది. బీగం వేయడం ఇంకా ముందున్న పని అయితే 'టు లాక్', జరిగిపోయిన పని అయితే 'లాకింగ్'.

దీనికీ హద్దులున్నాయి. 'షి మేనేజ్డ్ టు ఫిల్ ది ఫారమ్' అన్నప్పుడు పని పూర్తయింది, అయినా ఇన్ఫినిటివ్ వచ్చింది. 'అవాయిడ్', 'పోస్ట్‌పోన్', 'సజెస్ట్' వంటి క్రియల తర్వాత జరగని పనికి కూడా జెరండే వస్తుంది. అందువల్ల పట్టికను పూర్తిగా వదిలేయలేం. అయితే పట్టికలోని క్రియను ఒంటరిగా కాక, ఒక వాక్యంలో పెట్టి నేర్చుకోవాలి.

సారాంశం

నా అభిప్రాయంలో బోధన క్రమం ఇలా ఉండాలి. మొదట ప్రిపొజిషన్ పరీక్ష, ఎందుకంటే దానికి మినహాయింపులు బహు తక్కువ. తర్వాత రూపంతో అర్థం మారే 'స్టాప్', 'ఫర్గెట్', 'రిమెంబర్'. చివరికి మిగిలిన క్రియల పట్టిక, వాక్యాలతో సహా. అనువదించేటప్పుడు తెలుగు వాక్యం చివర ఏ ప్రత్యయం ఉందని కాకుండా, ఆ పని జరిగిందా, జరగవలసి ఉందా అని అడగండి. ఈ ప్రశ్నకు జవాబు మీ తెలుగులోనే ఉంటుంది. మీ ఊరి మాటలో అడిగినా అది దొరుకుతుంది.

మీ ప్రగతిని పరిశీలించుకోండి

కింది వాక్యాలను ఇంగ్లీషులో రాయండి.
1. బస్సు టికెట్ కొనడం మరచిపోయాను. (అందుకే ఇప్పుడు నా దగ్గర టికెట్ లేదు.)
2. ఆయన్ని ధర్మవరంలో కలిసినట్టు గుర్తుంది.
3. నాకు ఇంగ్లీషు నేర్చుకోవడానికి ఆసక్తి ఉంది.

జవాబులు: 1. ఐ ఫర్గాట్ టు బై ది బస్ టికెట్. 2. ఐ రిమెంబర్ మీటింగ్ హిమ్ ఇన్ ధర్మవరం. 3. ఐ యామ్ ఇంటరెస్టెడ్ ఇన్ లెర్నింగ్ ఇంగ్లీష్. మూడో వాక్యంలో '-డానికి' ఉన్నా 'ఇన్' అనే ప్రిపొజిషన్ వల్ల జెరండ్ వచ్చిందని గమనించండి.