చలికాలపు ఇంధనపు కరవు: ఒక గ్రంథము, ఒక సమీకరణము

2021వ సంవత్సరమున ఐరోపా సమాఖ్య దేశములు రష్యానుండి దాదాపు 15,500 కోట్ల ఘనపు మీటర్ల సహజవాయువును దిగుమతి చేసికొన్నవి. 2022లో యుక్రెయిన్ యుద్ధము మొదలైన పిదప ఆ సరఫరా క్రమముగా సన్నగిల్లినది. బాల్టిక్ సముద్రము అడుగున వేసిన పెద్ద గొట్టపు మార్గము సెప్టెంబరు నాటికి పూర్తిగా ఆగిపోయినది. ఆ దేశములలో అనేక గృహములను చలికాలమున వెచ్చగా నుంచునది ఈ వాయువే. కనుక ఇంధనమును పొదుపు చేయుట ఎట్లు అను ప్రశ్న ఇంటింటికిని వచ్చినది.

ఆ ప్రశ్నకు ముందుగానే సమాధానము చెప్పిన గ్రంథమొకటి కలదు. అది కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఆచార్యులుగా నుండిన డేవిడ్ మెకే 2008లో ప్రకటించిన ‘సస్టెయినబుల్ ఎనర్జీ – వితవుట్ ది హాట్ ఎయిర్’. ఇండ్లను వేడి చేయుటను గూర్చి ఆయన చెప్పినదంతయు ఒక్క సమీకరణములో ఇమిడియున్నది:

కావలసిన శక్తి = (లోపలి, వెలుపలి ఉష్ణోగ్రతల భేదము × ఇంటి చిల్లి) ÷ వేడిచేయు సాధనపు దక్షత.

చిల్లికుండను తలచుకొన్నచో ఇది సులభముగా బోధపడును. కుండలో నీటిమట్టము ఎంత ఎత్తుగానున్న నీరు అంత వేగముగా కారును. చిల్లి ఎంత పెద్దదైన అంత ఎక్కువగా కారును. ఇల్లును అట్టిదే. గోడలగుండా, కప్పుగుండా, తలుపుల సందులగుండా వేడి కారిపోవుచుండును. కారిన దానిని ఇంధనముతో నింపుచుండవలెను.

మెకే తన ఇంటినే ప్రయోగశాలగా చేసికొన్నాడు. 2004లో క్రొత్త బాయిలరు పెట్టించి, వేడినీటి తొట్టిని తీసివేసినాడు. తరువాత గోడల నడుమనున్న ఖాళీని, అటకను ఉష్ణబంధక పదార్థముతో నింపించినాడు. ఇంటి చిల్లి డిగ్రీకి 322 వాట్లనుండి 240 వాట్లకు తగ్గినదని ఆయన లెక్క. గదులను మునుపటికంటె చల్లగా నుంచుకొన్నాడు. రోజుకు సగటున 50 కిలోవాట్-గంటలుగానున్న వాయువు ఖర్చు చివరకు 13కు దిగినది.

ఈ అంకెలతో ఉపాధ్యాయులు నల్లబల్లపై చక్కని లెక్క చేయించవచ్చును. వెలుపల 5 డిగ్రీలు, లోపల 20 డిగ్రీలు అనుకొందము. 15 × 322 = 4,830 వాట్లు కారిపోవును. చిల్లి పూడ్చినచో 15 × 240 = 3,600 వాట్లు. గదిని 15 డిగ్రీలకు దించినచో 10 × 240 = 2,400 వాట్లు. నష్టము సగమైనది. ఖర్చు సగముకంటె ఎక్కువగా తగ్గుటకు కారణమున్నది. మనుష్యుల శరీరములు, వంట, దీపములు కొంత వేడిని ఊరకనే ఇచ్చుచుండును. అట్టిది 1,000 వాట్లనుకొన్నచో, ఇంధనము ఇయ్యవలసినది 3,830 వాట్లనుండి 1,400 వాట్లకు దిగును.

ఇంతవరకు గ్రంథము ప్రశంసనీయము. ఇక లోపములు చూతము.

మొదటిది, మార్పులన్నియు కలగలిసినవి. ఏ మార్పువలన ఎంత లాభము కలిగినదో తేల్చి చెప్పుట కష్టమని మెకేయే ఒప్పుకొన్నాడు. ఈ నిజాయితీ మెచ్చదగినదే. అయినను ప్రయోగమున ఒక్కొక్క చలరాశినే మార్చవలెనను పాఠమును విద్యార్థులు ఇక్కడ గుర్తుంచుకొనవలెను.

రెండవది, ఆయన యోచన దశాబ్దములకు సంబంధించినది. సరఫరా హఠాత్తుగా ఆగినపుడు గోడలు నింపుటకు వ్యవధి యుండదు. బాయిలరునుండి వచ్చు నీటి వేడిని తగ్గించి దక్షతను కొంత పెంచవచ్చును. తలుపుల సందులు మూయవచ్చును. ఒక్క గదినే వేడి చేసికొనవచ్చును. మిగిలినది ఉష్ణోగ్రతను దించుటయే. 2022 మార్చిలో అంతర్జాతీయ ఇంధన సంస్థ చెప్పినదియు అదియే: ఒక్క డిగ్రీ తగ్గించినచో సమాఖ్యకు ఏటా దాదాపు 1,000 కోట్ల ఘనపు మీటర్ల వాయువు మిగులును.

మూడవ లోపమే పెద్దది. సమీకరణములో మనుష్యుడు లేడు. ఆ సంస్థ అంచనా ప్రకారము ఇండ్లలో సగటు 22 డిగ్రీలకు పైగా నున్నది. 22లో నున్నవాడు ఒక డిగ్రీ వదలుకొన్నచో పైన ఒక స్వెట్టరు వేసికొనును. చిల్లి ఇంటిలో 16 డిగ్రీలతో సరిపెట్టుకొను ముదుసలికి వదలుకొనుటకు ఏమున్నది? చలి కాలమున ఇంటిలోపల 18 డిగ్రీలు ఆరోగ్యమునకు సురక్షితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించినది. మెకే దించుకొన్న మట్టము ఆరోగ్యవంతునికి చెల్లవచ్చును, అందరికిని చెల్లదు.

ఫలితము చూడుడు. 2022 ఆగస్టునుండి 2023 మార్చివరకు వాయువు వాడకమును నూటికి 15 వంతులు తగ్గింపుమని సమాఖ్య కోరినది. సుమారు 18 వంతులు తగ్గినది. ఇందులో వెచ్చని శీతకాలము, మండిపోయిన ధరలు, పని తగ్గించుకొన్న కర్మాగారములు, ప్రజల పొదుపు అన్నియు కలిసియున్నవి. అయితే ఇల్లు చాలినంత వెచ్చగా నుంచుకొనలేనివారు 2021లో నూటికి 6.9 మంది కాగా, 2022లో 9.3 మందియైరి. వాయువు మీటరు పొదుపును, బాధను ఒకే అంకెగా చూపును. వాటిని వేరు చేయుట మన పని. ఎక్కువ వేడి గలవారిని డిగ్రీలు అడుగవలెను. చలిలో నున్నవారి ఇంటి చిల్లి పూడ్చవలెను.

మన ప్రాంతమున ఇండ్లను వేడి చేయు అవసరము అరుదు. కాని వేసవిలో ఇదే చిల్లి తలక్రిందులై వేడిని లోనికి కార్చును. 2020నుండి మన దేశమున ఏ.సి. యంత్రములను మొదట 24 డిగ్రీల వద్ద నిలిపి అమ్మవలెనను నియమము వచ్చినది. గ్రంథము అంతర్జాలమున ఉచితముగా లభించును. ఉపాధ్యాయులు చదివి లెక్కలు చేయింపవలెను. లెక్కలో లేని మనిషిని కూడ చూపవలెను.