క్యూలో నిలబడ్డ క్రీస్తు

ఫ్రిట్జ్ ఐకెన్‌బర్గ్ 1950 ప్రాంతంలో చెక్కిన ‘క్రైస్ట్ ఆఫ్ ది బ్రెడ్‌లైన్స్’లో నన్ను ఇబ్బంది పెట్టేది ఆ కాంతివలయమే. రొట్టె కోసం వరసలో నిలబడ్డ మనుషులు. వంగిన వీపులు, ఒంటికి చుట్టుకున్న పాత బట్టలు. వాళ్ళ మధ్యలో, తన వంతు కోసం ఎదురుచూస్తూ క్రీస్తు. పంచేవాడు కాదు, చెయ్యి చాచాల్సినవాడు. ఇంత సాహసం చేసిన బొమ్మకి, మళ్ళీ తల చుట్టూ ఆ వెలుగెందుకు?

మత్తయి సువార్త 25వ అధ్యాయంలో తిరకాసంతా ఇక్కడే ఉంది. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టినవాళ్ళకీ, పెట్టనివాళ్ళకీ కూడా అతనెవరో తెలీదు. ఐకెన్‌బర్గ్ మాత్రం జవాబు ముందే చెప్పేశాడు. వలయం లేకపోతే క్రీస్తు కోసం ఒక్కొక్క మనిషినీ చూసుకుంటూ వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు కన్ను నేరుగా మధ్యలోకి పోతుంది, మిగతావాళ్ళు గుంపైపోతారు.

అయితే ఇది వుడ్ ఎన్‌గ్రేవింగ్. చెక్క మీద ఉలి తగలని చోటు నల్లగా అచ్చవుతుంది, తొలిచిన చోటు తెల్లగా మిగులుతుంది. అంటే ఈ వెలుగు పైనుంచి పూసింది కాదు, చీకట్లోంచి గీకి తీసింది. వలయాన్ని తెరిచిన పనిముట్టే పక్కవాళ్ళ బట్టల ముడతల్నీ తెరిచింది. క్రీస్తేమో దాదాపు నల్లటి ఆకారం. మన ఇళ్ళ గోడల మీది క్యాలెండర్ యేసుకి ఉండే తెల్లటి, ప్రశాంతమైన ముఖం ఇక్కడ దొరకదు.

ఇంకోటి, ఈ బొమ్మ ఎక్కడ ఉండాల్సింది అన్న సంగతి. ఐకెన్‌బర్గ్ 1901లో కొలోన్‌లో యూదు కుటుంబంలో పుట్టాడు. 1933లో నాజీ జర్మనీ వదిలి అమెరికా చేరాడు, తర్వాత క్వేకర్ అయ్యాడు. డొరొతీ డే తన ‘క్యాథలిక్ వర్కర్’ పత్రికకి బొమ్మలు అడిగింది, అక్షరాలు చదవలేనివాళ్ళకి కూడా అందాలని. కాపీ ఒక్క సెంటు. ఆ ఉద్యమం న్యూయార్క్‌లో రోజూ సూప్ పంచేది. ఆ క్యూలో నిలబడ్డ మనిషి చేతికే ఈ బొమ్మ రావచ్చు.

అతనికి ఆ వలయం అలంకారం కాదు, చదవగలిగిన ఒకే ఒక్క అక్షరం. నీ పక్కన నిలబడ్డది ఎవరో చూడు అంటుంది. అదే బొమ్మని ఫ్రేము కట్టి, ఏసీ గదిలో తగిలిస్తే, ఆకలి లేని మనకి ఓదార్పుగా మారిపోతుంది. గుర్తు అదే, అర్థం మాత్రం ఎవరు చూస్తున్నారన్నదాన్ని బట్టి తిరగబడుతుంది. అందుకే నా ఫిర్యాదు నాకుంది, కానీ అది బొమ్మ మీద కంటే, దాన్ని క్యూలోంచి తీసి గోడకి ఎక్కించిన మన మీదే.